ఆరోగ్య సేవా సంస్థల పాలక మండళ్లు – నాయకుల నేపథ్యం: ముథోల్ ఉదాహరణ

పరిచయం

నిర్మల్ నుంచి భైంసా మీదుగా బాసరకు వెళ్లే దారిలో ముథోల్ వస్తుంది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్లినవారిలో చాలామంది ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి నిర్మల్ జిల్లాలో ఉన్న ఈ ఊరికి ప్రజారోగ్య చరిత్రలో ఒక స్థానం ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన మొదటి గ్రామీణ కేంద్రాన్ని 1996లో ఇక్కడ ప్రారంభించింది. భోస్లే గోపాల్‌రావు పటేల్ కంటి వైద్య కేంద్రం అని దానికి పేరు.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి, రెండు వందల కిలోమీటర్ల దూరంలో మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరిని ఎందుకు ఎంచుకుంది? రోగులను బస్సుల్లో హైదరాబాద్‌కు రప్పించుకుని ఆపరేషన్ చేసి పంపడం అంతకంటే సులభం. చాలా ఆసుపత్రులు అప్పట్లో చేసినదీ అదే. ఇటువంటి నిర్ణయం ఓ.పి. గదిలో కూర్చున్న డాక్టరు తీసుకునేది కాదు. సంస్థ డబ్బు ఎక్కడ ఖర్చు కావాలి, ఎవరి కోసం కావాలి అని తేల్చేది పాలక మండలి. ఆ మండలిలో కూర్చున్నవారు అంతకుముందు ఏం పని చేసి వచ్చారు, ఏం చూసి వచ్చారు అన్నదాన్ని బట్టి ఆ జవాబు మారుతుంది. ఈ పాఠంలో మనం పరిశీలించే విషయం ఇదే.

పాలక మండలి అంటే ఎవరు?

లాభాపేక్ష లేని సంస్థకు యజమాని ఉండడు. కంపెనీలో వాటాదారులు అడుగుతారు, ప్రభుత్వ శాఖలో శాసనసభ అడుగుతుంది. సేవా సంస్థలో అడగవలసినవారు పాలక మండలి సభ్యులే. సంస్థ ఆశయం దారి తప్పకుండా చూడడం, లెక్కలను పరిశీలించి ఆమోదించడం, ముఖ్య కార్యనిర్వహణాధికారిని నియమించడం, అవసరమైతే తొలగించడం వారి బాధ్యతలు. రోజువారీ పని వారిది కాదు. అధ్యక్షుడు వేరు, కార్యనిర్వహణాధికారి వేరు అన్న తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మన దేశంలో చాలా సంస్థల్లో స్థాపకుడే రెండు కుర్చీల్లోనూ కూర్చుంటాడు. మొదటి పదేళ్లు దానివల్ల పని వేగంగా జరుగుతుంది. ఆ తరువాత ఆయనను ప్రశ్నించేవారు కరువవుతారు.

చట్టపరంగా ఇవి మూడు రూపాల్లో కనిపిస్తాయి: ట్రస్టు, సొసైటీ, 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద ఏర్పడే కంపెనీ. మన ప్రాంతంలో పాత సంఘాల రిజిస్ట్రేషన్ పత్రాలు చూస్తే 1350 ఫసలీ నాటి పబ్లిక్ సొసైటీల చట్టం పేరు కనిపిస్తుంది. అది నిజాం కాలపు చట్టం. 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది. ఏడుగురు కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. ఆ ఏడుగురూ ఎవరై ఉండాలో చట్టం చెప్పదు. వైద్య సంఘంలో ఒక్క వైద్యుడైనా ఉండాలనీ లేదు, రోగి ఉండాలనీ లేదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఒక చిన్న ఆరోగ్య సంఘం కార్యవర్గంలో మూడేళ్లు సభ్యుడిగా ఉన్నాను. పేరు అనవసరం. ఏడుగురిలో నలుగురు బంధువులు, ఇద్దరు వ్యాపారులు, ఏడోవాడిని నేను. పేరుకు ముందు 'డాక్టర్' ఉంది కనుక పిలిచారు, అది పిహెచ్.డి. డాక్టరేటు అని వారికి తెలియనిది కాదు, లెటర్‌హెడ్ మీద మాత్రం బాగా కనిపిస్తుంది. మేం కంటి శిబిరాలు పెట్టించేవాళ్లం. ఎన్ని ఆపరేషన్లు జరిగాయో ప్రతి సమావేశంలో చదివి వినిపించేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. ఒకరోజు మాకు చాయ్ తెచ్చిన అమ్మ గ్లాసులు పెడుతూ, "సార్, మా అత్తను శిబిరానికి తోలుకపోయిండ్రు, మంచిగనే జేసిండ్రు. గని మళ్ల జూసేటందుకు ఎవ్వలు రాలె. ఆమెకు ఇప్పుడు ఆ కన్ను సుత కానొస్తలేదు" అన్నది. ఆపరేషన్ తరువాత చూపు వచ్చిందా లేదా అన్న లెక్క మా దగ్గర లేదు. మూడేళ్లలో ఆ ప్రశ్న మా ఏడుగురిలో ఒక్కరికీ తట్టలేదు. అందులో నేనూ ఉన్నాను.

ముథోల్ దాకా వచ్చిన దారి

ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో మొదలైంది. దాని వెనుక రెండు భిన్నమైన నేపథ్యాలు కనిపిస్తాయి. మొదటివారు దాత. ఎల్.వి. ప్రసాద్ సినిమా మనిషి. హిందీలో తొలి టాకీ 'ఆలం ఆరా', తమిళంలో 'కాళిదాస్', తెలుగులో 'భక్త ప్రహ్లాద' – మూడింటిలోనూ నటించినవారు. తరువాత దర్శకులుగా, నిర్మాతగా ఎదిగి 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందినవారు. ఆసుపత్రికి భూమి, నిధి ఆయన కుటుంబం ఇచ్చింది. కంటి వైద్యం గురించి ఆయనకు ప్రత్యేక పరిజ్ఞానం ఉందని ఎవరూ అనలేదు.

రెండవవారు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీలోని ఎయిమ్స్‌లో నేత్ర వైద్యంలో పై చదువు పూర్తిచేసి, అమెరికాలో బోస్టన్‌లోనూ రోచెస్టర్‌లోనూ శిక్షణ పొంది, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా పనిచేసి తిరిగి వచ్చినవారు. కార్నియా శస్త్రచికిత్స ఆయన ప్రత్యేకత. ఇటువంటి నేపథ్యం ఉన్న వ్యక్తి నుంచి మనం సాధారణంగా ఆశించేది నగరంలో అధునాతన ఆసుపత్రి, పరిశోధనశాల, విదేశీ పత్రికల్లో వ్యాసాలు. అవన్నీ వచ్చాయి. మరి ముథోల్ ఎలా వచ్చింది?

నా అభిప్రాయంలో దీనికి సమాధానం లెక్కల్లో ఉంది. 1996 నుంచి 2000 వరకు ఈ సంస్థ ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం అనే పెద్ద సర్వే చేసింది. నాలుగు ప్రాంతాలు ఎంచుకున్నారు: హైదరాబాద్ నగరం, సంపన్న గ్రామీణ ప్రాంతంగా పశ్చిమ గోదావరి, పేద గ్రామీణ ప్రాంతాలుగా ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. అన్ని వయసులకూ చెందిన 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతంగా తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లం, అంటే మన దగ్గర 'కంట్లో పొర' అనేది. ఇది ఊహించినదే. ఊహించనిది మరొకటి ఉంది: అంధుల లెక్కలోకి వచ్చినవారిలో 16.3 శాతం మందికి కావలసింది ఆపరేషన్ కాదు, సరైన కళ్లద్దాలు. ప్రతి ఆరుగురిలో ఒకరు, ఒక జత అద్దాలు లేక గుడ్డివారిగా బతుకుతున్నారు.

ఆనాటి పరిస్థితిని గుర్తుచేసుకుంటే ఈ అంకె ప్రాధాన్యం తెలుస్తుంది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. 1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సహాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లం ఆపరేషన్ల పథకం నడిచింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జిల్లాకు ఇన్ని ఆపరేషన్లు అని లక్ష్యం. లక్ష్యం చేరితే విజయం. శస్త్రవైద్యులు, పరిపాలనాధికారులు కలిసి కూర్చుంటే ఆపరేషన్లు లెక్కపెట్టడం సహజం. వారికి తెలిసిన పని అది. అద్దాలు లేక చూపు లేనివారిని లెక్కించాలంటే సర్వే తెలిసినవారు, అంటే ప్రజారోగ్య శాస్త్రం చదివినవారు, ఆ బల్ల దగ్గర ఉండాలి.

అద్దాలు ఇవ్వడానికి కార్నియా నిపుణుడు అవసరం లేదు. రోగికి దగ్గరగా, ఏడాది పొడవునా తెరిచి ఉండే చిన్న కేంద్రం అవసరం. ఆ సంస్థ తరువాత రూపొందించుకున్న ఏర్పాటు ఇలా ఉంటుంది: ఐదు లక్షల జనాభాకు ముథోల్ వంటి ఒక ద్వితీయ స్థాయి కేంద్రం, అక్కడ శుక్లం ఆపరేషన్లు చేస్తారు. దాని కింద యాభై వేల జనాభాకు ఒక్కో దృష్టి కేంద్రం. ఆ దృష్టి కేంద్రాన్ని నడిపేది డాక్టరు కాదు. ఆ ప్రాంతంలోనే ఇంటర్మీడియట్ వరకు చదివి, ఏడాది శిక్షణ పొందిన యువతీయువకులు. ఆదిలాబాద్ వంటి చోట దీనికి మరో ప్రయోజనం ఉంది. ఒక మండలంలో తెలుగు, పక్క మండలంలో మరాఠీ, అడవి వైపు గోండి మాట్లాడతారు. 'అక్షరం మసకగా ఉందా, రెండుగా కనిపిస్తోందా' అని రోగిని తన భాషలో అడగగలిగినవారు స్థానికులే.

ఇదంతా ఒక్కరి నేపథ్యం వల్ల జరిగిందని అనుకోకూడదు. భూమి, భవనం, ఊళ్లో నమ్మకం సమకూరాలంటే స్థానికంగా పలుకుబడి గలవారు తోడు రావాలి. ముథోల్ కేంద్రం మోస్తున్న పేరే అందుకు గుర్తు.

ప్రపంచ స్థాయి మండలిలో ఎవరు కూర్చున్నారు?

ముథోల్ కేంద్రం మొదలైన కొద్ది కాలానికే డాక్టర్ నాగేశ్వరరావు ప్రపంచ స్థాయి సంస్థ ఒకదాని నాయకత్వంలోకి వెళ్లారు. అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థ అనే ఆ లాభాపేక్ష లేని సంస్థకు 1998 నుంచి 2004 వరకు ప్రధాన కార్యదర్శిగా, 2004 నుంచి 2008 వరకు అధ్యక్షుడిగా పనిచేశారు. ఈ సంస్థ అధ్యక్షుల వరుసను చూస్తే మన పాఠానికి కావలసిన ఉదాహరణలన్నీ ఒకేచోట దొరుకుతాయి. అందరి పేర్లూ చెప్పను. తేడా స్పష్టంగా కనిపించేవారినే తీసుకుంటాను.

సంస్థ 1975లో ఏర్పడింది. ప్రపంచంలోని అంధుల సంఘాల సమాఖ్య, నేత్ర వైద్యుల సంఘాల సమాఖ్య కలిసి దానిని నిర్మించాయి. అంటే రోగం చూసేవారు, రోగం అనుభవించేవారు మొదటి రోజు నుంచి ఒకే బల్ల దగ్గర ఉన్నారు. స్థాపక అధ్యక్షుడు సర్ జాన్ విల్సన్ డాక్టరు కాదు. పన్నెండేళ్ల వయసులో బడిలో రసాయన శాస్త్ర ప్రయోగం చేస్తుండగా జరిగిన పేలుడులో రెండు కళ్లూ కోల్పోయారు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివారు. 1950లో ఆయన స్థాపించిన సంస్థే నేటి సైట్‌సేవర్స్. ఆఫ్రికా గ్రామాల్లో తిరిగి, నదుల ఒడ్డున ఈగల వల్ల వ్యాపించే వ్యాధికి 'నదీ అంధత్వం' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. వైద్య గ్రంథాల్లో దాని పేరు ఆంకోసెర్కియాసిస్. ఆ పేరు పలికి విరాళం అడిగితే ఎవరూ ఇవ్వరని న్యాయశాస్త్రం చదివిన ఆయనకు తట్టింది.

ఆయన తరువాత 1980లలో అధ్యక్షుడైన కార్ల్ కుప్ఫర్ అమెరికా జాతీయ నేత్ర సంస్థకు తొలి సంచాలకుడు, పరిశోధకుడు. 2000 నుంచి 2004 వరకు ఉన్న డాక్టర్ హన్నా ఫాల్ గాంబియా దేశంలో జాతీయ నేత్ర ఆరోగ్య కార్యక్రమాన్ని నడిపిన వైద్యురాలు. ఆమె అధ్యక్షురాలిగా, మన తెలుగు వైద్యుడు ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఆ నాలుగేళ్లలో సంస్థ పగ్గాలు పేద దేశాల గ్రామాల్లో పనిచేసినవారి చేతిలో ఉన్నాయి. 1999 ఫిబ్రవరి 18న జెనీవాలో ప్రారంభమైన 'విజన్ 2020: చూపు హక్కు' కార్యక్రమం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. 2003 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ నివారించదగిన అంధత్వంపై తీర్మానం చేసింది. సభ్య దేశాలు జాతీయ ప్రణాళికలు తయారు చేసుకోవాలని అది కోరింది.

తరువాతి మలుపు వేరు. 2008లో అధ్యక్షుడైన క్రిస్టియన్ గార్మ్స్ ఒక పెద్ద సేవా సంస్థను నడిపిన నిర్వాహకుడు. ఆ వెనుక వచ్చిన బాబ్ మెక్‌ముల్లన్ ఆస్ట్రేలియా రాజకీయ నాయకుడు; వాణిజ్య మంత్రిగా పనిచేశారు, విదేశీ అభివృద్ధి సహాయ వ్యవహారాలు చూశారు. కంటి సంస్థకు రాజకీయ నాయకుడెందుకు అని మొదట నాకూ అనిపించింది. కానీ అప్పటికి సమస్య మారింది. ఆపరేషన్ ఎలా చేయాలో తెలుసు, అద్దాలు ఎలా ఇవ్వాలో తెలుసు. ఆర్థిక మంత్రులు డబ్బు కేటాయించడం లేదు. మంత్రిని ఒప్పించడం మంత్రిగా పనిచేసినవారికి తెలుస్తుంది. 2020లలో అధ్యక్షురాలైన కారొలిన్ కేసీ పుట్టుకతో చూపు తక్కువ ఉన్న ఐరిష్ మహిళ. ఒక కన్సల్టింగ్ కంపెనీలో పనిచేశారు; 2001లో మన దేశంలో ఏనుగు మీద దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించారు. పెద్ద కంపెనీల అధిపతులతో మాట్లాడగలగడం ఆమె బలం. 2021 జూలై 23న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చూపు గురించి తన మొట్టమొదటి తీర్మానాన్ని ఆమోదించింది. 2030 నాటికి 110 కోట్ల మందికి కంటి సేవలు అందాలన్నది దాని లక్ష్యం.

చూపు లేని న్యాయశాస్త్ర పట్టభద్రుడు, పరిశోధకుడు, గ్రామీణ వైద్యులు, నిర్వాహకుడు, మంత్రి, మళ్లీ చూపు తక్కువ ఉన్న ఒక మహిళ – ఈ వరుసను సంస్థ ముందే పథకం వేసుకుని నడిపిందని నేను అనను. ఎన్నికలు, పరిచయాలు, నిధులిచ్చేవారి మాట, అన్నీ పనిచేస్తాయి. అయినా ఆయా కాలాల్లో సంస్థ ఎదుర్కొన్న చిక్కుకూ, ఆ కుర్చీలో కూర్చున్న మనిషికీ పొంతన కనిపిస్తుంది.

నేపథ్యం సంస్థ పనిని బట్టి ఎంత విచిత్రంగా ఉండవచ్చో చెప్పడానికి ఆర్బిస్ ఉదాహరణ. విమానంలో ఆపరేషన్ థియేటర్ పెట్టి దేశదేశాలు తిరిగే కంటి ఆసుపత్రి అది. 1982లో ఎగరడం మొదలుపెట్టింది. దాని ఆలోచన నేత్ర వైద్యుడు డేవిడ్ పేటన్‌ది. దాని మండలికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న ఆల్బర్ట్ యూల్చీ మాత్రం పైలట్లకు శిక్షణ ఇచ్చే కంపెనీ స్థాపించిన విమానయాన వ్యాపారి. ఆసుపత్రి విమానంలో ఉన్నప్పుడు ఇంజను, ఇంధనం, బీమా తెలిసినవారు కావాలి కదా.

బల్ల దగ్గర లేనివారు

పై వరుసలో ఒక నేపథ్యం లేదు. దానిని గుర్తించడానికి ముథోల్ నుంచి కరీంనగర్ వైపు రండి. సిరిసిల్లలో మరమగ్గం దగ్గర తెగిన పోగును ముడివేసే కార్మికుడు, జగిత్యాల ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవారు నలభై దాటాక దగ్గరివి చూడలేరు. దీనినే చత్వారం అంటాం. బీడీ ఆకు కత్తిరించడంలో తేడా వస్తే కట్ట వెనక్కి కొడతారు, కూలి పోతుంది. అయితే అంధత్వ సర్వేలు కొలిచేది దూరపు చూపు. ఆరు మీటర్ల దూరంలోని పట్టికను చదవగలిగితే ఆమె ఏ లెక్కలోనూ అంధురాలు కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన ప్రపంచ దృష్టి నివేదికలో, సరిదిద్దని చత్వారంతో ఉన్నవారు 82.6 కోట్ల మంది అని చూపారు. అన్ని దశాబ్దాలుగా వీరు ఎందుకు కనిపించలేదు? చాలామంది మండలి సభ్యులకు కూడా చత్వారం ఉంటుంది. వారి జేబులో అద్దాలు ఉంటాయి కనుక అది వారికి వ్యాధిగా తోచదు. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు' శిబిరాల్లో దగ్గరి చూపు అద్దాల కోసం వచ్చినవారిని చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థల మండళ్ల మీద గ్లోబల్ హెల్త్ 50/50 అనే బృందం 2022లో ఒక నివేదిక ప్రచురించింది. 146 సంస్థల్లోని రెండు వేలకు పైగా మండలి స్థానాలను పరిశీలిస్తే, నాలుగింట మూడు వంతులు సంపన్న దేశాల పౌరుల చేతిలో ఉన్నాయి. అతి పేద దేశాల మహిళలకు దక్కినవి సుమారు ఒక శాతం. సేవలు ఎక్కువగా అందుకునేది మాత్రం ఆ దేశాల మహిళలే.

'బీడీ కార్మికురాలిని మండలిలో కూర్చోబెడితే సరిపోతుందా?' అని తరగతిలో ఒక విద్యార్థి నన్ను అడిగాడు. సరిపోదు. ఇంగ్లీషులో సాగే సమావేశంలో, ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చి, ఆడిట్ పత్రాల ముందు మౌనంగా కూర్చునే ఆమె పేరు వార్షిక నివేదికలో ఫోటో కింద పనికొస్తుంది, అంతే. సమావేశం ఆమె భాషలో జరగాలి, పత్రాలు వారం ముందే చదివి వినిపించాలి, పోయిన కూలి చెల్లించాలి, ఒక్కరు కాక ఇద్దరుముగ్గురు ఉండాలి. దీనికి ఖర్చవుతుంది. పైగా 2020 సవరణ తరువాత విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, విదేశీ విరాళంలో పరిపాలన ఖర్చులకు వాడదగినది 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అందుకున్న డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కూడా నిషిద్ధం. మండలి సమావేశాల ఖర్చు పరిపాలన పద్దులోకే వస్తుంది. పెద్ద సంస్థ ద్వారా నిధి పొందే చిన్న సంఘాలు, అంటే ఊరికి దగ్గరగా ఉండి ఇటువంటి సభ్యులను తేలికగా తీసుకురాగల సంఘాలు, దీనివల్ల ఎక్కువ దెబ్బతిన్నాయని నా అంచనా.

అలాగని వైద్యులను, లెక్కలు తెలిసినవారిని తీసివేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను సభ్యుడిగా ఉన్న సంఘంలో ఒక్క నేత్ర వైద్యుడు ఉండి ఉంటే, ఆపరేషన్ తరువాత ఆరు వారాలకు రోగిని మళ్లీ చూడాలని మొదటి సమావేశంలోనే చెప్పి ఉండేవాడు. చాయ్ తెచ్చిన అమ్మ చెప్పిందీ అదే విషయం. ఇద్దరిలో ఎవరూ మా కుర్చీల్లో లేరు.

అభ్యాసం

మీ మండలంలో పనిచేస్తున్న ఒక ఆరోగ్య సంస్థను ఎంచుకోండి. అది ఆసుపత్రి కావచ్చు, రక్తనిధి కావచ్చు, కంటి శిబిరాలు పెట్టే సంఘం కావచ్చు. దాని వార్షిక నివేదిక నుంచి గాని, జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో సమర్పించిన సభ్యుల జాబితా నుంచి గాని పాలక మండలి వివరాలు సేకరించండి. ఒక్కొక్కరి వృత్తి, చదువు, నివాసం, ఇతర సభ్యులతో బంధుత్వం ఉందా అనేవి రాయండి. తరువాత గత ఏడాది ఆ సంస్థ తన విజయంగా చెప్పుకున్న అంకె ఏదో చూడండి: ఆపరేషన్లా, శిబిరాలా, చూపు వచ్చినవారా, పంచిన అద్దాలా? ఆ అంకెను ఎంచుకోవడానికీ, మీరు రాసిన మొదటి జాబితాకూ సంబంధం ఉందేమో మూడు పేజీలకు మించకుండా చర్చించండి. సభ్యుల పేర్లు మీ సమాధాన పత్రంలో రాయనవసరం లేదు. వృత్తి చెబితే చాలు.